లారీ ఎయిర్ ఫిల్టర్ గాలిని ఎంత ఆపుతోందో మేస్త్రీల లెవెల్ పైపుతో కొలిచే పద్ధతి

ఎయిర్ ఫిల్టర్ ఎప్పుడు మార్చాలి అని ఏ షెడ్డులో అడిగినా జరిగేది ఒకటే. డబ్బా మూత తీస్తారు, ఎలిమెంట్ (లోపల ఉండే పేపరు ఫిల్టర్) బయటికి లాగుతారు, టైరుకేసి నాలుగు దెబ్బలు కొడతారు, దుమ్ము లేస్తే "అబ్బో నిండిపోయింది" అంటారు, లేవకపోతే "ఇంకో రెండు ట్రిప్పులు లాగుద్దిలే" అంటారు. ఇలా చేసి బాగున్న ఫిల్టర్లు చెత్తలో పడేస్తున్నాం, చచ్చిన ఫిల్టర్లు బండిలో పెట్టుకుని తిరుగుతున్నాం. పేపరు రంగు చూసి ఏమీ తెలీదండి, నల్లగా ఉన్నది హాయిగా గాలి ఇస్తూ ఉండొచ్చు, దులిపి తెల్లగా చేసింది లోపల చిరిగి ఉండొచ్చు. మనకి తెలియాల్సింది ఒక్కటే, ఆ పేపరు గుండా గాలి లాక్కోడానికి ఇంజన్ ఎంత సక్షన్ పెట్టాల్సి వస్తోంది అని, దాన్ని నీళ్ల మట్టంతో మిల్లీమీటర్లలో కొలవొచ్చు, పెద్ద మిషన్లేం అక్కర్లేదు.

ముందు అసలు ఎంత గాలి పోతుందో ఒక లెక్క చూద్దాం, లేకపోతే ఆ నంబర్లకి అర్థం ఉండదు. టాటా లారీల్లో బోలెడు వచ్చిన 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల కమిన్స్ ఇంజన్ తీసుకోండి. 2500 ఆర్‌పీఎం మీద తిరుగుతుంటే, ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకి ఒకసారి గాలి మింగుద్ది, అంటే నిమిషానికి 1250 సార్లు 5.9 లీటర్లు, 7,300 లీటర్ల పైచిలుకు. సిలిండర్ నూటికి నూరు నిండదు కాబట్టి పది శాతం కొట్టేస్తే 6,600. టర్బో, అంటే గాలిని నొక్కి ఇంజన్‌లోకి తోసే చక్రం, ఒక బార్ బూస్ట్ (మామూలు గాలి ఒత్తిడికి ఇంకో అంత అదనం) ఇచ్చి, ఇంటర్‌కూలర్ ఆ గాలిని చల్లార్చిందనుకోండి, దగ్గర దగ్గర 1.9 రెట్లు, నిమిషానికి 12,500 లీటర్ల దాకా. ఇదంతా ఆ డబ్బాలో ఉన్న ఒక్క పేపరు ఎలిమెంట్ గుండా పోవాలి. అదే లారీ ఖాళీగా న్యూట్రల్‌లో నిలబెట్టి రేజ్ చేస్తే టర్బోకి బూస్ట్ రాదు, దాదాపు సగం గాలే లాగుద్ది. ఇది గుర్తుపెట్టుకోండి, కింద దీంతోనే పని.

ఇంక లిమిట్లు. ఎలిమెంట్ మార్చాల్సిన హద్దు టర్బో డీజిల్ ఇంజన్లకి మామూలుగా 635 మి.మీ. నీళ్లు (సక్షన్ నీళ్లని అంత ఎత్తు లేపుద్దని), అంటే 25 అంగుళాలు, టర్బో లేని పాత ఇంజన్లకి 508 మి.మీ., అంటే 20 అంగుళాలు. కొత్త ఎలిమెంట్ వేసినప్పుడు గాలి వచ్చే మొత్తం లైను రీడింగ్, ఎయిర్ క్లీనర్ రకాన్ని బట్టి, 250 గానీ 380 గానీ దాటకూడదు. మీ బండి మాన్యువల్లో వేరే నంబరు ఉంటే దాన్నే పట్టుకోండి, కొన్ని యూరప్ ఇంజన్లకి 50 మిల్లీబార్లనీ 65 మిల్లీబార్లనీ ఉంటుంది, ఒక మిల్లీబార్ అంటే 10.2 మి.మీ. నీళ్లు, గుణించుకోవడమే.

635 అంటే భయపడేంత పెద్దదా అంటే, గాలి ఒత్తిడిలో ఆరు శాతం చిల్లర. ఇంకోలా చెప్తాను. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ గాలి ఒత్తిడి విశాఖలో కంటే ఇంచుమించు ఇంతే తక్కువ. అంటే విశాఖ పోర్టులో లిమిట్‌కి వచ్చేసిన ఫిల్టర్‌తో నడిచే లారీ, హైదరాబాద్‌లో ఫిల్టరే లేకుండా నడిస్తే ఎంత గాలి దొరుకుద్దో అంత గాలితో నడుస్తోందన్నమాట. హైదరాబాద్‌లో లారీలు ఆగిపోవట్లేదు కదా. అందుకే 400 చూపించే ఫిల్టర్ని చూసి "మైలేజీ అంతా ఇదే తినేస్తోంది" అని పీకి పారేయొద్దు. కానీ 635 దాటాక ఆగదు, పెరుగుతూనే పోద్ది, అక్కడ్నించి టర్బో సీళ్ల మీద, ఎగ్జాస్ట్ వేడి మీద పడుద్ది.

ఇప్పుడు పైపు తయారీ. హార్డ్‌వేర్ షాపుల్లో తాపీ మేస్త్రీలు గోడల మట్టం చూడ్డానికి కొనుక్కునే ట్రాన్స్‌పరెంట్ లెవెల్ పైపు ఉంటుంది కదా, అది లోపలి కొలత 6 నుంచి 8 మి.మీ. ఉన్నది ఓ పది మీటర్లు తీసుకోండి. 1.3 మీటర్ల పొడవు చెక్క పట్టీ ఒకటి, దాని మీద పైపుని కింద యూ ఆకారంలో వంచి రెండు కాళ్లూ పక్కపక్కనే, మధ్యలో నాలుగైదు సెంటీమీటర్లు మించకుండా క్లిప్పులతో బిగించండి. మధ్యలో టైలర్ టేపు అతికించినా చాలు, కాకపోతే సాగిపోయిన పాత టేపు వద్దు. నీళ్లు రెండు కాళ్లలోనూ 45 సెంటీమీటర్ల దాకా వచ్చేట్టు పోయండి, ఒక చుక్క ఇంకు వేస్తే మట్టం బాగా కనిపిస్తది, ఒక చుక్క సబ్బు నీళ్లు కలిపితే పైపు గోడకి నీళ్లు అంటుకోకుండా సాఫీగా కదులుతాయి. మామూలు నీళ్లే వాడండి, కొంతమంది ఆవిరైపోతాయని డీజిల్ పోస్తుంటారు, డీజిల్ నీళ్లకంటే తేలిక కాబట్టి అదే సక్షన్‌కి ఇంకా ఎక్కువ ఎత్తు లేస్తది, 500 ఉన్నది 600 చూపిస్తది, అనవసరంగా ఫిల్టర్ మార్చేస్తారు.

ఇంజన్ వైపు పోయే కాలు 1.3 మీటర్లు ఎందుకంటే, రెండు కాళ్లలో కలిపి ఉన్న నీళ్లు 90 సెంటీమీటర్లు, ఫిల్టర్ పూర్తిగా బిగిసిపోయి ఆ నీళ్లన్నీ ఒకే కాల్లోకి లాగేసినా పై అంచు దాటవు. అయినా సరే, దాని తర్వాత ఒక ఖాళీ వాటర్ బాటిల్‌ని మధ్యలో పెట్టండి, మూతకి రెండు చిల్లులు పెట్టి ఒక పైపు లోపలికి, ఒకటి బయటికి, ఎంసీల్‌తో గాలి పోకుండా మూసేయండి. కాస్త గట్టి బాటిల్ చూసుకోండి, పల్చటిది సక్షన్‌కి నొక్కుకుపోద్ది. నీళ్లు చిమ్మినా బాటిల్లో పడతాయి గానీ టర్బో దాకా పోవు. లక్ష ఆర్‌పీఎం పైన తిరిగే చక్రం అది, దాని మీదకి నీళ్ల ముద్ద పోనివ్వకూడదు, ఈ బాటిల్ పని మాత్రం బద్ధకించొద్దు.

కనెక్షన్ ఎక్కడ ఇవ్వాలి అంటే, ఎయిర్ క్లీనర్ డబ్బా బయటికొచ్చే చోట గానీ, అక్కడ్నించి టర్బోకి పోయే పైపు మీద గానీ చిన్న ఇండికేటర్ ఉంటుంది, లోపల ఎర్ర పట్టీ కనిపించేది, నెత్తిన రీసెట్ బటన్ ఉండేది. దాన్ని విప్పితే కింద మర చిల్లు ఉంటుంది, అదే మన పోర్టు. అక్కడ ఒక టీ (మూడు మూతుల జాయింటు) పెట్టి ఒక వైపు ఇండికేటర్, ఒక వైపు మన పైపు పెట్టేస్తే రెండూ ఒకేసారి పనిచేస్తాయి. కొన్ని బండ్లలో ఇండికేటర్ బదులు సెన్సర్ ఉండి డాష్ మీద లైటు వెలుగుద్ది, ఆ పోర్టయినా ఇంతే. ఏ పోర్టూ లేకపోతే చిల్లు వేయాలి, కానీ బండి మీద ఉన్న పైపుకి డ్రిల్ పెట్టొద్దు, ఆ చిన్న లోహపు పొట్టు ఫిల్టర్ తర్వాత పడినట్టే, సరాసరి టర్బోలోకి పోద్ది. పైపు విప్పి కిందకి దించి, వంపు లేకుండా తిన్నగా ఉన్న భాగంలో చిల్లు వేసి, లోపల అంచు గరుకు లేకుండా రాకి, కడిగి, అప్పుడు ఎక్కించండి. వంపు దగ్గర వేస్తే గాలి ఒక పక్కకి ఒరిగి పోతుంటుంది కాబట్టి రీడింగ్ తప్పు వస్తది. లోపలికి పొడుచుకొచ్చిన నిపుల్ (మన పైపు తగిలించే ముక్క) కూడా అంతే, పోర్టు గోడతో సమంగా ఉండాలి.

పోర్టు నుంచి క్యాబిన్ దాకా నాలుగైదు మీటర్ల పైపు వెళ్తుంది, ఇంత పొడుగైతే రీడింగ్ తగ్గదా అని అడుగుతారు. తగ్గదు, ఎందుకంటే ఆ పైపులో గాలి పారట్లేదు, ఒత్తిడి మాత్రమే అందుతోంది. ఎక్కడైనా సన్నగా లీకుంటేనే తగ్గుద్ది. అందుకే బిగించాక బండి స్టార్ట్ చేయకముందే పోర్టు వైపు చివర తీసి నోటితో మెల్లగా లాగి, నీళ్లు పైకొచ్చాక నాలుకతో మూసి పట్టండి, మట్టం కదలకుండా నిలబడితే లీకు లేనట్టే. అదే ఊపులో ఇండికేటర్‌ని కూడా పరీక్షించొచ్చు, టీ మీద అది ఉంటుంది కదా, నోటితో కొద్ది కొద్దిగా లాగుతూ పోతే ఏ మట్టం దగ్గర ఎర్ర పట్టీ లాక్ అవుతుందో కనిపిస్తది, 635 మి.మీ. మనిషి నోటికి పెద్ద కష్టమేం కాదు. 400కే ఎర్రబడే ఇండికేటర్లూ ఉంటాయి, 800 లాగినా కదలనివీ ఉంటాయి, పాతబడితే దుమ్ము పట్టి స్ప్రింగు బిగుసుకుపోద్ది. ఇండికేటర్ సరిగ్గా లాక్ అవుతోందని తేలితే, రోజువారీకి అదే చాలు మీకు, పైపు మళ్లీ ఆయిల్ సర్వీసుకి తీస్తే సరిపోద్ది.

బండి కదిలించే ముందు గాలి దారి ఒకసారి చూసుకోండి. పైన గాలి లాగే మూతి దగ్గర జాలికి పాలిథిన్ కవరో, గుంటూరు వైపు జిన్నింగ్ మిల్లులకి తిరిగే బండ్లయితే దూది పీచో అంటుకుని ఉంటుంది. డబ్బా అడుగున రబ్బరు మూతి ఒకటి వేలాడుతుంటుంది, ముందే విడిపోయిన పెద్ద దుమ్ము దాని ద్వారానే రాలిపోద్ది, అది ఊడిపోయినా, చిరిగినా, మట్టితో మూసుకుపోయినా దుమ్మంతా పేపరు మీదే పడుద్ది. చాలా బండ్లకి ఆ రబ్బరు ఉండదు, ఎవరూ పట్టించుకోరు, అదేం పెద్ద ఖర్చు కూడా కాదు.

ఇప్పుడు అసలు పరీక్ష. టర్బో లేని ఇంజన్ అయితే సులువు, నిలబెట్టి వేడయ్యాక యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, గవర్నర్ (ఇంజన్ స్పీడు హద్దు దాటకుండా ఆపేది) ఆపే దాకా తీసుకెళ్లి రీడింగ్ చూడండి, అంతే. టర్బో బండి అయితే నిలబెట్టి చూసిన నంబరు దేనికీ పనికిరాదు. లోడు ఉండాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉండాలి, ఆర్‌పీఎం ఫుల్ పవర్ వచ్చే చోట ఉండాలి, ఈ మూడూ ఒకేసారి కుదరాలంటే ఎక్కుడు రోడ్డు కావాలి. చిత్తూరు నుంచి పలమనేరు వైపు ఎక్కే మొగిలి ఘాట్, శృంగవరపుకోట నుంచి అనంతగిరి వైపు ఎక్కే ఘాట్, ఇలాంటివి. ఘాట్ దగ్గర్లో లేనోళ్లు పొడుగాటి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడైనా చూడొచ్చు కానీ కొద్ది సెకన్లే దొరుకుతాయి, ట్రాఫిక్ లేని తెల్లారుజామున చూసుకోవాలి. ఆ ఫుల్ పవర్ ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా బండి స్పీడు ఇక పెరగని గేరు ఏదో వెతుక్కోండి, ఆ గేర్లో పది పదిహేను సెకన్లు పట్టి ఉంచాలి.

డ్రైవరు నడపాలి, ఇంకొకరు చదవాలి, నడుపుతూ పైపు చూడ్డం కుదరదు. పట్టీని క్యాబిన్‌లో సీటు వెనక నిటారుగా కట్టేసి, ఫోనులో వీడియో తీస్తే ఇంకా మంచిది, ఆర్‌పీఎం ముల్లు కూడా ఫ్రేములో పడేట్టు చూసుకుంటే తర్వాత తీరిగ్గా ఆపి చదువుకోవచ్చు. కిటికీ కాస్త తెరిచి ఉంచండి. ఎక్కుడులో బండి వెనక్కి వాలి ఉంటుంది కదా, పట్టీ వాలితే తప్పు రాదా అంటే, రెండు కాళ్లూ దగ్గరగా ఉంటే వచ్చే తేడా మూడు నాలుగు మిల్లీమీటర్లే, అందుకే ముందు దగ్గరగా బిగించమన్నది. నీళ్లు గంతులేస్తుంటే పైపుని ఒక క్లిప్పుతో కొద్దిగా నొక్కండి, పూర్తిగా మూయకుండా, ఊగుడు తగ్గి మట్టం నిలబడుద్ది.

చదవడంలో అందరూ పడే బుట్ట ఒకటుంది. ఇంజన్ వైపు కాల్లో నీళ్లు 210 మి.మీ. లేస్తాయి, తెరిచి ఉన్న కాల్లో 210 దిగుతాయి, రీడింగ్ 210 కాదు, రెండు మట్టాల మధ్య తేడా, అంటే 420. ఒక్క కాలే చూసుకుని "ఇంకా బోలెడు ఉంది" అనుకుంటే లిమిట్ దాటి ఎంతో దూరం పోయాక గానీ తెలీదు.

నంబరుతో పాటు ఆర్‌పీఎం రాసుకోకపోతే ఆ నంబరు వృథా. గాలి పెరిగితే సక్షన్ అదే లెక్కన పెరగదు, పైపుల్లో, వంపుల్లో అయితే దాదాపు వర్గం లెక్కన పెరుగుద్ది, పేపరులో కొంచెం నెమ్మదిగా. 2000 దగ్గర ఒకసారి, 2200 దగ్గర ఒకసారి చూస్తే ఆర్‌పీఎం తేడా పది శాతమే, రీడింగ్ తేడా ఇరవై శాతం దాకా వస్తది, బూస్ట్ కూడా పెరిగితే ఇంకా ఎక్కువ. ఫిల్టర్ మారిందో, మీరు తొక్కింది మారిందో తెలీదిక.

సరే, నంబరు వచ్చింది. టర్బో బండికి 300 చిల్లర వస్తే ముట్టుకోకండి. 500 దాటితే కొత్త ఎలిమెంట్ ఆర్డర్ పెట్టి, చూడ్డం తరచుగా చేయండి, ఎందుకంటే పేపరు నిండే తీరు ఒకేలా ఉండదు, చాలా కాలం మెల్లగా పెరుగుతూ వచ్చి చివర్లో ఒక్కసారిగా లేస్తది, మొదటి వంద మిల్లీమీటర్లకి నెలలు పట్టినా ఆఖరి వందకి వారం చాలు, క్వారీ బండి అయితే ఇంకా తొందర. 635 వస్తే మార్చేయడమే, టర్బో లేని బండికి 508కే.

మరి రీడింగ్ బాగా తక్కువ వస్తే? సంతోషపడేముందు ఆగండి. ఎప్పుడూ 400 చూపించే బండి, ఏమీ మార్చకుండా 250 చూపించిందంటే ఫిల్టర్ బాగుపడినట్టు కాదు, గాలికి అడ్డదారి దొరికినట్టు. పేపరు చిరిగినా, ఎలిమెంట్ చివర రబ్బరు సీలు సొట్టపడినా, మూత సరిగ్గా కూర్చోకపోయినా గాలి హాయిగా పోద్ది, దుమ్ముతో సహా. నీళ్ల పైపు గాలి ఎంత ఆగుతోందో చెప్తుంది, దుమ్ము ఎంత ఆగుతోందో చెప్పదు, ఈ రెండోది మీరే చూసుకోవాలి. డబ్బా తర్వాత రబ్బరు హోస్ విప్పి లోపల వేలు పెట్టి తుడవండి, శుభ్రంగా ఉండాలి, టాల్కం పౌడర్ అంత సన్న దుమ్ము వేలికి అంటితే ఇంజన్ తింటున్నట్టే. ఆయిల్ తడి ఉన్న చోట అయితే దుమ్ము కలిసి నల్ల ముద్దలా పడుద్ది, గోరుతో గీకితే ఇసుక రజను గరగరలాడుద్ది.

ఎలిమెంట్ సంగతి రాత్రి చూడండి, షెడ్డు లైట్లు ఆపేసి, ఎలిమెంట్ లోపల బల్బు పెట్టి మెల్లగా తిప్పుతూ పోండి. బాగున్న పేపరు మీద వెలుగు మసగ్గా, అంతా ఒకే తీరుగా ఉంటుంది. చిల్లు ఉంటే సూదిమొనంత తెల్లటి చుక్క కంట్లో పొడిచినట్టు కనిపిస్తది, ఎక్కువగా మడత అంచుల మీద, ఇనప జాలి రాసుకునే చోట, టైరుకేసి కొట్టిన చివర. ఒక్క చుక్క కనిపించినా ఆ ఎలిమెంట్ పని అయిపోయింది, ఫెవిక్విక్‌లూ టేపులూ వద్దు.

దీన్నించే గాలి కొట్టే విషయం వస్తది. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో తిరిగే టిప్పర్లు, రామగుండం బూడిద మోసే బండ్లు, వీటికి సాయంత్రం అయ్యేసరికి కంప్రెసర్‌తో గాలి కొట్టడం ఒక పూజ లాగా అయిపోయింది.

"బాబాయ్, రోజూ కొడుతున్నాం కదా, అయినా ఎక్కుడులో లాగట్లేదేంటి?"

"రోజూ కొడుతున్నారు కాబట్టేరా."

టైర్లకి పెట్టే కంప్రెసర్‌లో 100 పీఎస్‌ఐ పైనే ఉంటుంది, పేపరుకి 30 దాటకూడదు, అది కూడా లోపల్నించి బయటికి, నాజిల్ దూరంగా పట్టుకుని. బయట్నించి లోపలికి కొడితే దుమ్ముని పేపరు పీచుల్లోకి దిగేసినట్టే. ఇంకో సంగతి, పేపరు మీద పల్చగా పట్టిన దుమ్ము పొర కూడా వడకడుతుంది, కొత్త ఎలిమెంట్ మొదటి కొద్ది రోజుల్లో వదిలినంత సన్న దుమ్ము తర్వాత వదలదు. రోజూ దులిపితే ఆ పొర పోద్ది, పైగా మూత తీసిన ప్రతిసారీ డబ్బా అంచు మీద ఉన్న దుమ్ము శుభ్రంగా ఉండాల్సిన వైపు రాలుద్ది. కొట్టాలా వద్దా అన్న పంచాయితీ తెగాలంటే, గాలి కొట్టే ముందు ఒకసారి, కొట్టాక ఒకసారి ఒకే ఎక్కుడు మీద కొలవండి. 600 నుంచి 350కి దిగితే కొట్టినందుకు ఫలితం ఉంది. 600 నుంచి 560కి దిగితే దుమ్ము లోపలికి దిగిపోయింది, లేదా అది మట్టి దుమ్ము కాదు మసి, మసి గాలికి రాదు. లోపల ఉండే చిన్న సేఫ్టీ ఎలిమెంట్‌కి అసలు గాలి కొట్టకూడదు, కడగకూడదు, పెద్దది మూడోసారి మార్చినప్పుడు దాన్నీ మార్చేయడమే.

కొత్త ఎలిమెంట్ వేసినా రీడింగ్ 450, 500 చూపిస్తుంటే తప్పు ఎలిమెంట్‌ది కాకపోవచ్చు. ఇప్పుడు పైపు తెలివిగా వాడాలి. డబ్బాలోకి గాలి వచ్చే వైపు, అంటే ఫిల్టర్‌కి ముందు ఇంకో పోర్టు పెట్టుకుని అక్కడ కొలవండి, అది ఒక్క గాలి మూతి, పైన పొడుగు పైపు తాలూకు అడ్డు. మొత్తం 480 ఉండి ఇక్కడే 250 వస్తే పిచ్చుక గూడో, నలిగిన పైపో వెతకండి. యూ పైపు రెండు చివర్లూ ఫిల్టర్‌కి ముందొకటి, వెనకొకటి తగిలిస్తే నేరుగా డబ్బా, ఎలిమెంట్ తాలూకు అడ్డు ఒక్కటే తెలుస్తది. డబ్బా దగ్గర బాగుండి, టర్బో మూతి దగ్గర కొలిస్తే చాలా ఎక్కువ వస్తే మధ్యలో రబ్బరు హోస్ చూడండి. ఇది దొంగ జబ్బు, బండి ఆగి ఉన్నప్పుడు హోస్ గుండ్రంగా ఉంటుంది, బయట పగులు కూడా ఉండదు, లోపలి పొర ఊడి సక్షన్‌కి నాలుకలా లేచి దారి మూస్తది, రేజ్ వదలగానే మళ్లీ పడుకుంటది. రెండు ఫిల్టర్లు మార్చి, డీజిల్ పంపు కూడా దించాక గానీ దీని మీద ఎవరి చూపూ పడదు.

రెండు కంపెనీల ఎలిమెంట్లు పోల్చాలంటే అదే లారీ, అదే లోడు, అదే ఎక్కుడు, అదే గేరు, అదే ఆర్‌పీఎం, అదే రోజు. మొదటిది, రెండోది, మళ్లీ మొదటిది, ఈ వరసలో చూడండి, మొదటిదాని రెండు రీడింగులు కలవకపోతే మధ్యలో ఇంకేదో మారింది, ఆ పరీక్ష లెక్కలోకి రాదు. తక్కువ చూపించిందే మంచిదనుకోకండి మళ్లీ, వదులుగా చేసిన పేపరు కూడా తక్కువే చూపిస్తది. అందుకే పేపరు ఎంత ఉందో లెక్కపెట్టండి: మడతలు 180, మడత లోతు 5 సెంటీమీటర్లు, ఎత్తు 40 సెంటీమీటర్లు అనుకోండి, ఒక్కో మడతకి రెండు వైపులు కాబట్టి 180 ఇంటూ 2 ఇంటూ 5 ఇంటూ 40, అంటే 72,000 చదరపు సెంటీమీటర్లు, 7.2 చదరపు మీటర్లు. పక్కన చవక ఎలిమెంట్‌లో 130 మడతలే ఉంటే 5.2. కొత్తలో రెండూ ఇంచుమించు ఒకే రీడింగ్ చూపించొచ్చు, ఎందుకంటే కొత్తలో అడ్డు ఎక్కువగా డబ్బాది, పైపులది, కానీ తక్కువ పేపరున్నది చాలా ముందు నిండుద్ది. ధర చూసేటప్పుడు 500 దాటడానికి ఏది ఎన్ని కిలోమీటర్లు తీసుకుందో చూడండి.

దుమ్ము పట్టే శాతం తేల్చడం మాత్రం షెడ్డు పని కాదు. దానికి ఐఎస్ఓ 5011 అని పద్ధతి ఉంది, ల్యాబులో లెక్క ప్రకారం గాలి లాగుతూ, తూచిన దుమ్ము పోస్తూ, ఎంత పట్టింది, ఎంత వదిలింది తూకం వేస్తారు, ఆ దుమ్ముకి కూడా స్టాండర్డ్ ఉంది, అరిజోనా ఇసుక నుంచి చేస్తారు. మంచి కంపెనీ అయితే ఈ రిపోర్టు అడిగితే చూపిస్తది. వాక్యూమ్ క్లీనర్ పెట్టి ఎలిమెంట్ టెస్ట్ చేశామని వీడియోలు వస్తుంటాయి, నిమిషానికి 12,000 లీటర్ల దగ్గర తేలాల్సిన సంగతి అంత చిన్న గాలితో తేలదు. మీ ఇంజన్ కంటే పెద్ద బ్లోయర్ మీ షెడ్డులో లేదు.

వానాకాలం రీడింగులు విడిగా రాసుకోండి. ముందు పోయే బండి చిమ్మే తుంపర డబ్బాలోకి పోయి పేపరు తడిస్తే అడ్డు పెరుగుద్ది, ఆరాక మళ్లీ దిగుద్ది, తడిసినప్పుడు ఎర్రబడిన ఇండికేటర్ చూసి ఎలిమెంట్ మార్చేయకుండా రీసెట్ నొక్కి ఎండలో ఒక ట్రిప్పు తిప్పి చూడండి.

మైలేజీ గురించి చెప్పకపోతే తిడతారు. అమెరికాలో ఓక్ రిడ్జ్ ల్యాబ్ 2009లో పెట్రోల్ కార్ల మీద చూస్తే ఫిల్టర్ మూసుకుపోయినా కొత్త తరం ఇంజన్లలో మైలేజీ పెద్దగా మారలేదు, పికప్ పడింది. డీజిల్‌లో ఇంజన్ని బట్టి ఉంటుంది. పాత మెకానికల్ పంపు బండికి గాలి తగ్గినా డీజిల్ దాని లెక్కన అది పోస్తది, అందుకే నల్ల పొగ కక్కుద్ది, అక్కడ నష్టం కనిపిస్తది. ఎలక్ట్రానిక్ ఇంజన్ గాలి తక్కువైతే డీజిల్ కూడా తగ్గించుద్ది, పొగ రాదు, ఎక్కుడులో చప్పబడుద్ది అంతే. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ 6 బండ్లలో అయితే సైలెన్సర్ దగ్గర డీపీఎఫ్ (పొగలో మసి పట్టే ఫిల్టర్) ఉన్నవాటికి వచ్చిన మసి కూడా అందులోనే ఆగిపోద్ది, కాబట్టి పొగ చూసి ఫిల్టర్ గురించి చెప్పే పాత మేస్త్రీల చూపు ఇక్కడ పనిచేయదు. గాలి కొలిచే సెన్సర్ ఉన్న బండ్లలో స్కానర్ పెట్టి గంటకి ఎన్ని కిలోల గాలి పోతోందో చూడొచ్చు, మనం పైన వేసిన 12,500 లీటర్ల లెక్క గంటకి 850 కిలోల దగ్గర పడుద్ది. ఆ నంబరూ నీళ్ల రీడింగూ పక్కపక్కన రాస్తే ఇంకేం కావాలి, సక్షన్ పెరుగుతూ గాలి తగ్గుతుంటే అడ్డు ముందుంది, సక్షన్ తక్కువుండి గాలీ తక్కువుంటే ఫిల్టర్‌ని వదిలేసి టర్బో వైపు, బూస్ట్ హోసుల వైపు చూడాలి.

రీడింగ్, ఆర్‌పీఎం, కిలోమీటర్లు, తేదీ డబ్బా మీదే పెయింట్ పెన్నుతో రాసేయండి, పుస్తకం పోద్ది, డబ్బా పోదు. పని అయ్యాక పైపు పీకేసి టీ తీసి ఇండికేటర్ మళ్లీ టెఫ్లాన్ టేపు చుట్టి బిగించండి, ఇండికేటర్ పాడైపోయి ఉంటే కొత్తది వచ్చేదాకా బోల్టు బిగించండి, గుడ్డ కుక్కొద్దు, లోపలికి లాగేస్తది. ఆ చిల్లు ఫిల్టర్ తర్వాత ఉంది, తెరిచి వదిలేస్తే రోడ్డు మీద దుమ్ము వడకట్టకుండానే నేరుగా టర్బోలోకి పోద్ది.